దొరసాని శాలువా

మెషీను అద్దం వెనక ముందుగా తెల్ల తువ్వాలు తిరిగింది, దాని వెంట నీలంగళ్ళ గుడ్డ, ఆ వెంట ఇంకో తువ్వాలు, ఆ తర్వాత సబ్బు నురగలోంచి గోధుమరంగు కుచ్చు ఒకటి బయటికొచ్చి అద్దానికి అతుక్కుని, కాసేపు ఆమె వంక చూసినట్టే చూసి, మళ్ళీ లోపలికి జారిపోయింది. ఆమె నేలమీద కూర్చుండిపోయింది. కాదులే, వేరే ఏదో అయ్యుంటుంది, హోటలువాళ్ళ తెర అయ్యుంటుంది, ఆ రంగు తెరలు బోలెడు వస్తాయి అనుకుంది. అనుకుంటూనే తెలుసు, హోటలు బట్టలు ఈ చిన్న మెషీనులో వెయ్యరు, వాటికి వెనక షెడ్డులో పెద్దవి ఉన్నాయి, ఇది ఇంటి బట్టలకీ పిల్లుల గుడ్డలకీ. కుచ్చు మళ్ళీ వచ్చింది. ఈసారి మూల కూడా వచ్చింది, ఆ మూలన పిల్లి గోళ్ళతో పీకి పీకి చేసిన చిల్లు కూడా వచ్చింది. ఇంక అబద్ధమాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఊళ్ళోవాళ్ళ మురికంతా ఉతికి ఇచ్చే ఈ లాండ్రీ ఇంట్లో ఉతకని బట్ట ఒక్కటే ఒక్కటుంది, దాన్ని తను ఉతికేస్తోంది.

ముందావిడ శాలువా అది. ముందావిడంటే భర్త మొదటి భార్య, జబ్బు చేసి పోయిన మనిషి. ఈమె ఈ గడపలో అడుగుపెట్టేనాటికి ఆవిడవి చీరలు లేవు, దువ్వెన లేదు, చెప్పులు లేవు, అన్నీ ఎవరెవరికో ఇచ్చేశారు. శాలువా మాత్రం కిటికీ పక్కన పేము కుర్చీలో అలాగే ఉండిపోయింది, ఎందుకంటే దానిమీద ఆవిడ పెంచిన పిల్లి పడుకునుంది, పిల్లిని లేపి బట్ట తీసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. పిల్లి పేరు దొరసాని. పేరుకు తగ్గట్టే బతుకుతోంది. ముసలిదైంది, కిడ్నీలు సరిగ్గా లేవు, అయినా తన కుర్చీ తనదే, తన శాలువా తనదే. ఆమె ఒక్కసారి లేచి ప్లగ్గు మీద చెయ్యి వేసింది. పీకి ఏం లాభం? ఆపే మీట ఎప్పుడో విరిగింది, కరెంటు తీసినా నీళ్ళు దిగేదాకా తలుపు ఊడిరాదు, ఈలోగా సబ్బు తాగాల్సిందంతా తాగనే తాగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. చెయ్యి తీసేసింది. ఇంక ఇది తిరిగినంతసేపూ కూర్చోవడమే. వాళ్ళిద్దరూ ఏ క్షణాన వస్తారో తెలీదు, అత్తగారికి ఇవాళ కట్టుడు పళ్ళు పెడుతున్నారు, భర్త హోటలు దుప్పట్లు దించేసి ఆవిణ్ణి పళ్ళ డాక్టరు దగ్గర్నించి వ్యానులో తీసుకొస్తాడు, వచ్చీ రాగానే ఇస్త్రీ గది తలుపు తియ్యాలి, తలుపు తీస్తే కొత్త పిల్లికూన బయటికొస్తుంది, అప్పుడు దొరసాని దాన్ని రానిస్తే ఉంటుంది, రానివ్వకపోతే సాయంత్రం పూలకొట్టావిడ బుట్ట తెచ్చుకుని పట్టుకుపోతుంది. అలా ఒప్పందం. ఆ ఒప్పందం జరగాల్సిన ఇవాళే, ఉన్న రోజులన్నీ వదిలేసి, దొరసాని కిందనించి లోకాన్నే లాగేసింది తను.

అసలు పొద్దున బుద్ధిగా ఊరుకుని ఉంటే సరిపోయేది. తెలివి ప్రదర్శించాలనిపించింది. పశువుల డాక్టరు చెప్పాడు కదా, పిల్లులకి కళ్ళకంటే ముక్కే ముఖ్యం, దీని వాసన దానికీ దాని వాసన దీనికీ అలవాటు చెయ్యండి, సగం గొడవ తగ్గిపోతుంది అని. అందుకని వ్యాను వీధి మలుపు తిరగ్గానే, దొరసాని గిన్నె దగ్గరున్న సమయం చూసుకుని, కుర్చీలోంచి శాలువా తీసి పట్టుకెళ్ళి ఇస్త్రీ గదిలో పిల్లికూన పెట్టెలో పరిచింది, కాసేపు దొర్లనిచ్చి మళ్ళీ తెచ్చి పెట్టేద్దామని, ఎవరికీ తెలియకుండా, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. పిల్లికూన దానిమీదెక్కి ఒక్కసారి వాసన చూసి, బెదిరిపోయిందో ముచ్చటపడిందో, అక్కడికక్కడే పోసేసింది. ఇసుక తొట్టి అడుగు దూరంలో ఉంది. అప్పుడు నవ్వింది కూడా తను, అది తల్చుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది, నవ్వుతూ కొత్త తువ్వాలు కోసం లేచింది, లేస్తూ పూలకొట్టావిడకి ఏం చెప్పి పంపాలా అని మనసులో వాదించుకుంటోంది, ఆ వాదన అలా సాగుతుంటే ఇటు చేతులు తమ పని తాము చక్కబెట్టేశాయి. ఆ చేతులకి శిక్షణ ఇచ్చింది అత్తగారే. కొత్తల్లో తను ప్రతి చొక్కా విప్పి చూసేది, ఈ మరక ఎక్కడిది, ఈ మనిషి ఎలాంటివాడు అని కథలల్లేది, "ఇది లాండ్రీ అనుకున్నావా, కాలక్షేపం అనుకున్నావా? మురికిబట్ట చేతికొస్తే జేబు చూడు, చుట్టు, వేసెయ్. ఆలోచించావంటే సాయంత్రానికి పని తెమలదు" అని అత్తగారు రోజూ వాయించేవారు. వాయించగా వాయించగా వచ్చింది విద్య. ఇవాళ చేతులు చుట్టాయి, వేసేశాయి, సబ్బు పొడి పోశాయి, మీట తిప్పాయి. మీట. ఏ నీళ్ళకి తిప్పాయి? మీట చుట్టూ అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి, ఎంత తిప్పాలో చేతికే తెలుసు, పిల్లి పోసిన గుడ్డలకి చెయ్యి ఎటు తిప్పుతుందో కూడా చేతికే తెలుసు. ఆమె అరచెయ్యి అద్దానికి ఆనించింది. కాలింది. వేడినీళ్ళు. ఉన్ని బట్ట, వేడినీళ్ళు. గోరుచుట్టు మీద రోకటి పోటు.

కిటికీ దగ్గర చిన్న చప్పుడయింది. దొరసాని కుర్చీ ఎక్కింది. ఎక్కి, ఎప్పటిలా ఒక చుట్టు తిరిగి పడుకోబోయి ఆగింది. పేము మీద ముక్కు పెట్టి చూసింది, కుర్చీ చేతులు చూసింది, వెనక్కి వంగి కుర్చీ కింద చూసింది, దిగి వెతికింది, మళ్ళీ ఎక్కింది. అప్పుడొక అరుపు అరిచింది. ఆకలి అరుపు కాదు, ఆమెకి దొరసాని అరుపులన్నీ తెలుసు, గిన్నె ఖాళీ అయితే ఒకటి, తలుపు వేసుంటే ఒకటి, ఇస్త్రీ గదివైపు చూసి తిట్టేది ఒకటి. ఇది వాటిల్లో లేదు. సన్నగా, సాగదీసి, చివర్లో ఏదో అడిగినట్టు. ఇక్కడుందే తల్లీ, ఈ నీళ్ళలో ఉంది, నేనే వేశాను అనుకుంది లోపల్లోపలే. ఆ కుర్చీలో తను ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కూర్చోమనీ ఎవరూ అనలేదు. భర్త ఆ పక్కనించి వెళ్ళేటప్పుడు ఒక్కోసారి శాలువా మీద చెయ్యి వేసి వెళతాడు, పిల్లిని నిమిరినట్టే ఉంటుంది, పిల్లి లేనప్పుడు కూడా వేస్తాడు. అది చూసినప్పుడు తనకి కోపం రాలేదు. మంచివాడనే అనుకుంది. కానీ ఇంకోటి చూసింది, అది మర్చిపోవడం కుదరలేదు. ఒక మధ్యాహ్నం అత్తగారు ఎవరూ లేరనుకుని శాలువా తీసి, రెండు చేతులా మొహానికి ఆనించుకుని, గాఢంగా ఊపిరి పీల్చి, అలాగే నిలబడిపోయారు. తను గుమ్మంలోంచే వెనక్కి వచ్చేసింది. పోయిన కోడలి వాసన కోసం అత్తగారు అలా మొహం దాచుకుంటారని, ఆ ఇంట్లో ముందావిడ అలా ఎప్పటికీ ఉంటుందని, దానిముందు తనెంత గంజి పెట్టి ఎంత ఇస్త్రీ చేసినా తను అత్తగారి నోట 'కొత్తమ్మాయే' అని ఆ రోజే అర్థమైపోయింది. ఇన్నేళ్ళయినా అదే పిలుపు. ఖాతాదార్లు కూడా అలాగే అడుగుతారు, మీ కొత్తమ్మాయి లేదా అండీ అని. పాతబడటానికి ఇంకెన్నాళ్ళు పడుతుందో అడగాలని ఉంటుంది.

నురగ తగ్గింది. మెషీను ఒక్క క్షణం ఆగి, గుటకలేసి, పాత నీళ్ళు వదిలి కొత్త నీళ్ళు పట్టుకుంటోంది. ఆ కాస్త నిశ్శబ్దంలో ఇస్త్రీ గదిలోంచి ఇంకో గొంతు వినిపించింది, చిన్న గొంతు, పొద్దుననించీ అదే పాట. బొత్తాం. గుప్పెడంత పిల్లికూన, నల్లది, ఛాతీ మీద గుండ్రటి తెల్లమచ్చ ఒక్కటే ఒక్కటి, చొక్కాకి మిగిలిన ఆఖరి బొత్తాంలా. భోజన హోటలు వాళ్ళ బల్లగుడ్డల మూటలో వచ్చింది. మూట విప్పి దులుపుతుంటే చెంచా ఒకటి పడింది, మామూలే, ఆ తర్వాత అది పడింది, బల్ల మీద నాలుగు కాళ్ళమీద నిలబడి, పసుపు మరకల మధ్య తుమ్మింది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "మూటలో వచ్చిందేదైనా తిరిగిచ్చెయ్యాలి, చెంచా అయినా పిల్లి అయినా" అన్నారు. హోటలువాళ్ళకి ఫోన్ చేస్తే చెంచా పంపించండి, పిల్లి మాది కాదు అన్నారు. అప్పటికే అది తన కొంగులో నిద్రపోతోంది. ఆ నిద్ర చూస్తూ తను అనుకున్న మాట ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఈ ఇంట్లో ప్రతి వస్తువూ, ప్రతి మనిషీ, గోడమీద మేకుతో సహా తనకంటే ముందు వచ్చినవే. తన తర్వాత వచ్చింది ఇదొక్కటే. దీనికంటే తను పాత. అందుకే, అడగడం చేతకాని మనిషి మొదటిసారి నోరు తెరిచి, ఇది ఉండనీండి అత్తయ్యా అని అడిగింది. అత్తగారు వద్దనలేదు. దొరసాని వద్దంది.

ఎలా వద్దంది! మొదటి రోజు తలుపు కింద సందులోంచి వాసన తగలగానే ఒళ్ళంతా రెట్టింపయి, బుస్సుమని, వెళ్ళి శాలువా మీద పడుకుని గిన్నె వంక చూడటం మానేసింది. నిరాహారదీక్ష. ముసలి కిడ్నీలు, తినకపోతే కష్టం అని డాక్టరు చెప్పాక ఆమెకి ముద్ద దిగలేదు. వంట చేస్తూ గిన్నె చూసేది, ఇస్త్రీ చేస్తూ గిన్నె చూసేది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు కదా, ఈ ఇంట్లో సామెత తిరగబడింది, పాతది మహారాణి, కొత్తది ముద్దాయి. అత్తగారు తీర్పు చెప్పేశారు, "నా దొరసాని పస్తులుంటే ఊరుకోను. పూలకొట్టావిడ ఎలకలతో చస్తున్నానంటోంది, ఆవిడకి ఇచ్చేద్దాం. ఈ వారం చూస్తాను, అంతే." అప్పట్నించీ ఆమె తలుపుకి అటూ ఇటూ బతుకుతోంది. ఇటు దొరసాని గిన్నె, అటు బొత్తాం గిన్నె, ముందు దూరంగా, మర్నాడు ఒక నేల పలక ముందుకి, ఇంకో రోజు ఇంకో పలక. దొరసాని రెండు మెతుకులు తిని తలుపువంక చూసి తిట్టేది, మళ్ళీ రెండు మెతుకులు. తిట్టుకుంటూ తినడం తినకపోవడం కంటే నయమే కదా. నిన్న తలుపు కింద సందులోంచి నల్లటి చిన్న చెయ్యి ఒకటి ఇవతలికొచ్చి గాలిలో వెతికింది, దొరసాని దాన్ని చాలాసేపు చూసి, కొట్టలేదు. కొట్టలేదు అని భర్తకి ఎన్నిసార్లు చెప్పిందో! డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు, ముద్దులు పెట్టుకోవాలని చూడకండమ్మా, పెద్దది చిన్నదానికి వీపు తిప్పి కూర్చుందంటే చాలు, భయం పోయినట్టే అని. వీపు కోసం ఎదురుచూస్తోంది తను. దొరసాని తనకే వీపు చూపించడానికి ఎంతకాలం పట్టిందని. మొదటి చలికాలమంతా గోడవారగా కూర్చుని కళ్ళార్పకుండా కాపలా కాసింది, ఆ తర్వాతెప్పుడో, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం, ఇస్త్రీ చేసి చేసి కాళ్ళు చాపుకుని కూర్చుంటే వచ్చి ఒళ్ళో ఎక్కింది. మనుషులు వచ్చిన చప్పుడవగానే దిగిపోయింది. ఇప్పటికీ అంతే. ఎవరూ చూడనప్పుడే.

మెషీను వేగం పెంచింది. శాలువా ఇప్పుడు మాటిమాటికీ కనబడుతోంది, కనబడిన ప్రతిసారీ ముందుకంటే చిన్నగా ఉన్నట్టుంది, లేక తన భయమేనా? ఏం చెప్పాలి? వాళ్ళొస్తే ఏం చెప్పాలి? ఒక సంగతి ఉంది. అది మనసులో ఎప్పట్నించో ఒక మూల నిలబడి ఉంది, ఆమె అటు చూడకుండా తిరుగుతోంది. బొత్తాం పోసింది కదా. అది నిజమే కదా. తలుపు ఎలాగో తెరుచుకుంది, కుర్చీ ఎక్కి శాలువా మీద పోసేసింది, ఉతక్క ఏం చెయ్యను అత్తయ్యా అంటే చాలు. ఎవరూ ఆమెని ఒక్కమాట అనరు. భర్త కాసేపు కుర్చీ వంక చూసి బయటికెళ్ళిపోతాడు, అత్తగారు పిల్లికూన వంక చూస్తారు, సాయంత్రం బుట్ట వస్తుంది, అంతా సర్దుకుంటుంది. తను మళ్ళీ ఈ ఇంట్లో అందరికంటే కొత్తదవుతుంది, అంతేగా. అలవాటే కదా. ఛీ, అనుకుంది. అనుకున్నా ఆ సంగతి మూలనించి కదల్లేదు. నిజం చెబితే? మీ కోడలి ఆఖరి వాసన నేను వేడినీళ్ళలో కలిపేశాను అని చెబితే? అత్తగారు తిడితే ఫరవాలేదు, ఆవిడ తిట్టు వానలాంటిది, కురిసి వెలుస్తుంది. తిట్టకపోతేనే. ఆవిడ ఏమీ అనకుండా ఆ కుర్చీ దగ్గరికెళ్ళి నిలబడితే, తను చూడగలదా? ముందు నుయ్యి, వెనక గొయ్యి, నడుమ ఈ మెషీను చప్పుడు.

అప్పుడు తట్టింది ఆమెకి, బొత్తాం అరుపు ఆగిపోయిందని. ఎప్పుడాగింది? తల తిప్పి చూస్తే ఇస్త్రీ గది తలుపు బెత్తెడు తెరిచి ఉంది. చేతుల్లో గుడ్డల చుట్ట పెట్టుకుని మోచేత్తో లాగింది కదా, గడియ పడలేదు. ఆ సందులో నల్లటి తల, ఆ తల కింద తెల్ల బొత్తాం. అదే సమయానికి దొరసాని కుర్చీ దిగి, వెతుక్కుంటూ వెతుక్కుంటూ మెషీను ముందుకొచ్చి, అద్దంలో తిరుగుతున్న తన ఆస్తిని గుర్తుపట్టి, నమ్మలేనట్టు అక్కడే కూలబడింది. ఇప్పుడు కాదు, దేవుడా, ఇప్పుడు కాదు. అరవకూడదు, ఉరికి పట్టుకోకూడదు, మీరు కంగారు పడితే అవి కంగారు పడతాయి అన్నాడు డాక్టరు, ఆయనకేం, చెప్పి ఇంటికెళ్ళి పడుకుంటాడు. బొత్తాం ఒక అడుగు వేసింది, ఇంకొకటి, తోక పైకెత్తి, ఈ లోకంలో తనని కాదనేవాళ్ళే లేరన్న ధీమాతో, నేరుగా, నేరుగా దొరసాని దగ్గరికే. దొరసాని తల తిప్పింది. చెవులు వెనక్కి వెళ్ళాయి, బుస్సుమంది, చెయ్యి లేచింది, ఠపీమని నెత్తిమీద ఒకటిచ్చింది. గోళ్ళు లేవు. ఆమె చూసింది, గోళ్ళు తియ్యలేదు. బొత్తాం నేలకి అంటుకుపోయి కళ్ళు పెద్దవి చేసుకుని, చచ్చినట్టు పడుంది. దొరసాని దాని తల వాసన చూసింది. ఒకసారి చూసి, ఆగి, మళ్ళీ చూసింది. పొద్దున శాలువా మీద దొర్లిన తల అది, దొరసాని వెతుక్కుంటున్నది ఆ తలమీదే కాస్త మిగిలుందేమో. ఏమనుకుందో పిల్లికే తెలియాలి. తల తిప్పేసుకుని, అద్దంవైపు సర్దుకుని కూర్చుంది. వీపు పెట్టి. పిల్లికూనకి వీపు పెట్టి. బొత్తాం కాసేపటికి లేచి, బుద్ధొచ్చినదానిలా బారెడు దూరంలో కూర్చుని, పెద్దది చూస్తోంది కదా అని తనూ అద్దంలోకి చూడటం మొదలెట్టింది. రెండు తలలూ ఒకేసారి తిరిగాయి, గుండ్రంగా, శాలువా వెంట.

ఆమెకి ఏడుపొచ్చింది. వారమంతా దేనికోసం దేకిందో అది కళ్ళముందు జరిగింది, సంతోషించే తీరిక లేకుండా జరిగింది. ఇప్పుడిక దొరసాని అడ్డం కాదు. ఇప్పుడు బొత్తాంని ఈ ఇంట్లోంచి పంపగలిగింది తన నోరొక్కటే.

షట్టరు లేచిన చప్పుడయింది. అత్తగారు ఒక్కరే వచ్చారు, భర్త మలుపులో దింపేసి మురికి దుప్పట్ల మూటలు ఎక్కించుకోవడానికి వెళ్ళాడట, ఇప్పుడే వచ్చేస్తాడట. కొత్త పళ్ళు మొహానికి ముందు వస్తున్నాయి, మనిషి వెనక వస్తోంది.

"ఏంటే ఆ మొహం? నా పళ్ళు అంత భయంగా ఉన్నాయా?" అంటూనే పిల్లుల్ని చూసి ఆగిపోయారు. "అరె. తలుపు ఎవరు తీశారు?"

బొత్తాం, అనబోయింది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పిల్లికూన తన పేరు పిలుస్తారేమో అన్నట్టు అప్పుడే తల తిప్పి చూసింది.

"నేనే అత్తయ్యా. అన్నీ నేనే. శాలువా నేనే తీశాను, దానికి పరిచాను, అది తడిపేస్తే చూసుకోకుండా ఇందులో వేసేశాను. దానిదేం తప్పు లేదు."

"ఏ శాలువా?"

"దొరసానిది. ఆవిడది."

అత్తగారు మెషీను వంక చూశారు. మెషీను ఆఖరి తిరుగుడు తిరిగి, నీరసంగా మూలిగి, టక్కుమని తలుపు గడియ వదిలింది. ఆవిడ ఏమీ అనలేదు. తను దేనికి భయపడిందో అదే, ఆవిడ ఏమీ అనలేదు. తర్వాత మెల్లిగా అడిగారు.

"ఏ నీళ్ళు?"

"వేడినీళ్ళు."

"ఉన్నిని వేడినీళ్ళలోనా!" అత్తగారి చెయ్యి నుదుటిమీద ఫట్టుమంది. "ఇన్నేళ్ళు నేర్పింది గంగలో కలిపావు కదే! చంటిపిల్ల లాగు అయిపోయుంటుంది! తియ్యి, తియ్యి బయటికి!"

ఆమె తియ్యలేదు. "నీళ్ళ సంగతి కాదు అత్తయ్యా. ఆవిడ వాసన... ఇన్నేళ్ళు ఉతక్కుండా దాచుకున్నారు. అది పోయింది. నేను పోగొట్టాను."

అత్తగారు ఆమెని వింతగా చూశారు. షట్టరు వైపు ఒకసారి చూసి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించారు. "ఎవరే ఉతక్కుండా దాచింది? మావాడంటే సరే, మగాడు, నమ్ముతాడు. లాండ్రీలో పనిచేస్తూ నువ్వెలా నమ్మావే? పిల్లి పడుకునే బట్ట అన్నేళ్ళు ఉతక్కపోతే ఈ ఇంట్లో మనం ఉండగలమా? మీరిద్దరూ హోటలుకి బట్టలివ్వడానికి వెళ్ళినప్పుడల్లా బక్కెట్లో చన్నీళ్ళు పెట్టి చేత్తో పిండేదాన్ని. చేత్తో. చన్నీళ్ళు."

"మరి మీరు... ఒకరోజు మొహానికి ఆనించుకుని..."

"కంపు కొడుతోందో లేదో చూడొద్దూ?" అన్నారు అత్తగారు. కొత్త పళ్ళు ఇబ్బంది పెట్టాయేమో, నోరు అటూ ఇటూ కదిపారు. "ఒక్కోసారి ఊరికే కూడా చూసేదాన్నిలే. ఆ పిల్ల వాసన మొదటి ఉతుకులోనే పోయింది. ఆరోజు డాబా మీద ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాతదంతా దొరసాని వాసనే, ఉతికిన ప్రతిసారీ సాయంత్రానికల్లా రాసి రాసి మళ్ళీ తనది చేసుకుంటుంది. ఈమధ్య నీ చేతి గంజి వాసన కూడా వస్తోంది దాంట్లో. నీ ఒళ్ళో పడుకునొచ్చి దానిమీద పడుకుంటుందిగా. నాకు తెలీదనుకుంటున్నావు."

ఆమె శాలువా తీసింది. మంచమంత శాలువా మడతమంచం దుప్పటంత కూడా లేదు, దళసరిగా, ముడుచుకుపోయి, మూల చిల్లు కూడా పూడిపోయింది. నేలమీద పరిచేసరికి దొరసాని వచ్చి ముక్కు ఆనించి చూసింది. ఎవరి వాసనా లేదు. చిరాగ్గా ఒక చెంప రాసింది, రెండో చెంప రాసింది, పని మొదలుపెట్టింది. బొత్తాం అటు చివర కుచ్చు పట్టుకుని పోరాడుతోంది. దొరసాని చూసి, చూడనట్టు వీపు తిప్పింది.

అత్తగారు అది కూడా చూశారు. "పూలకొట్టావిడకి ఫోన్ చెయ్యి, రానక్కర్లేదని," అన్నారు, మెషీను పక్కన పీట లాక్కుని కూర్చుంటూ. "తర్వాత చేద్దువుగాని. ముందు ఆ చివర పట్టుకో. తడిమీదే లాగాలి, ఆరితే ఇంక రాదు. మూల నించి లాగు. అలా కాదు, రెండు చేతులా."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని లాగారు. ఒక మూల, తర్వాత ఇంకో మూల, మళ్ళీ మొదటి మూల. దొరసాని నడిమధ్యన కదలకుండా పడుకుని తన బరువు తను వేసింది. శాలువా ఇంత సాగింది, అంతే మళ్ళీ ముడుచుకుంది.

"పూర్తిగా రాదు," అన్నారు అత్తగారు.

"ఆయన అడిగితే ఏం చెప్పాలి అత్తయ్యా?"

"ఏముంది? పిల్లులు రెండయ్యాయి, శాలువా చాలట్లేదని చెప్పు."

వీధి మలుపులో వ్యాను హారను మోగింది. అత్తగారు చీర చెంగు బొడ్లో దోపి, కాలు మెషీనుకి తన్నిపెట్టి, కొత్త పళ్ళు బిగించారు.

"గట్టిగా పట్టుకో కొత్తమ్మాయ్, వదలకు."

ఆమె పట్టుకుంది.